నాలుగో బావికి వంటసోడా

మొన్న మంగళవారం సాయంత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. నలభై పేజీల పీడీఎఫ్‌లో నేను ముందు వెతికేది ఒక్క గడి: ఎండబ్ల్యూ-4, అంటే మా సైటులో నాలుగో పరీక్ష బావి, అందులో ఎథిలీన్. కుక్కరు మూడో కూత వేస్తుండగా, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని చూశాను. లీటరుకి 96 మైక్రోగ్రాములు. "హమ్మయ్య" అని పైకే అనేశాను. మా వాడు హోంవర్కులోంచి తలెత్తి "ప్రమోషనా అమ్మా?" అన్నాడు. "కాదురా, బాక్టీరియా" అన్నాను. మళ్లీ తల దించేసుకున్నాడు.

ఆ అంకె కోసం నాలుగేళ్లుగా చూస్తున్నాను. అందులో ఏడాదిన్నర నా తెలివితక్కువతనం వల్లే పోయింది. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

నేను చేసేది కలుషితమైన భూగర్భ జలాన్ని బాగుచేసే పని. ఉండేది న్యూజెర్సీలో. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "ఎన్విరాన్‌మెంటల్" అంటాను. "ఓహో, మొక్కలా?" అంటారు. అక్కడితో ఆ మాట అయిపోయి హెచ్1బీల మీదకి వెళ్లిపోతుంది.

ఈ సైటు రాష్ట్రానికి దక్షిణాన, సముద్రం వైపు ఇసుక నేలల్లో ఉంది. చిన్న స్ట్రిప్ మాల్. ఒక పిజ్జా షాపు, ఒక నెయిల్ సెలూన్, చివర్లో ట్యాక్సులు వేసిపెట్టే ఆఫీసు. ఆ ఆఫీసు ఉన్న గదిలోనే ఒకప్పుడు ముప్పై ఏళ్లపాటు డ్రై క్లీనింగ్ షాపు నడిచింది. అమెరికాలో డ్రై క్లీనింగ్ అంటే చాలా చోట్ల వాడింది పెర్క్ అనే సాల్వెంటు. అసలు పేరు పెర్‌క్లోరోఇథిలీన్, మా రిపోర్టుల్లో పీసీఈ. నీళ్లు తగలకుండా జిడ్డు వదిలిస్తుంది, నిప్పు అంటుకోదు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకే అంతమంది ఇష్టపడ్డారు. మిషను లోంచి వచ్చే వ్యర్థపు నీళ్లని డ్రెయిన్‌లో పోయడం ఆ రోజుల్లో మామూలు విషయం. ఆ షాపు నడిపిన ముసలాయన్ని నేనొకసారి కలిశాను. దొంగ కాదు, దుర్మార్గుడు కాదు. అందరూ చేసిందే చేశాడు. ఇక పెర్క్‌ని డ్రై క్లీనింగ్ లోంచి పదేళ్లలో దశలవారీగా తప్పించాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నియమం ప్రకటించింది 2024 డిసెంబరులో. అప్పటికి ఆయన షాపు మూసేసి చాలా ఏళ్లయింది.

పెర్క్‌తో వచ్చిన చిక్కల్లా దాని బరువు. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పెర్క్ 1.62 కిలోలు. కిరోసిన్, పెట్రోలు ఒలికితే నీటి మీద తేలతాయి, తోడి పారేయొచ్చు. ఇది మునుగుతుంది. ఇసుకలోంచి దిగి, నీటి మట్టం దాటి, ఏ బంకమట్టి పొర మీదో చతికిలబడి, అక్కణ్నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతూ ఉంటుంది. మేం ఈ పని మొదలుపెట్టేనాటికి న్యూజెర్సీలో భూగర్భ జలానికి పెట్టిన హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము. లెక్క వేసుకోండి: ఒక్క లీటరు పెర్క్ 162 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా పాడుచేయగలదు. పాతకాలం పద్ధతి నీళ్లు పైకి తోడి, శుద్ధి చేసి వదలడం. పంపు ఉన్నంతకాలం అంకెలు తగ్గుతాయి, ఆపగానే మళ్లీ లేస్తాయి. అలా పదుల ఏళ్లుగా నడుస్తున్న పంపులు నేను చూశాను. కరెంటు బిల్లు కట్టేవాడికే తెలుస్తుంది ఆ బాధ.

ఇక్కడే మా వాళ్లు రంగంలోకి వస్తారు. డీహాలోకాకాయిడీస్ అనే బాక్టీరియా. పేరు పలకడానికే నోరు తిరగదు కాబట్టి ఫీల్డులో అందరం డీహెచ్‌సీ అంటాం. మనం గాలి పీల్చి ఆక్సిజన్‌తో బతుకుతున్నట్టు, ఇవి క్లోరిన్ ఉన్న ఈ సాల్వెంట్లతో బతుకుతాయి. "తింటాయి" అంటారు గానీ తినడం కాదు, ఊపిరి పీల్చుకోవడం లాంటిది. పెర్క్‌లో రెండు కార్బన్లు, వాటికి నాలుగు క్లోరిన్లు. ఒక క్లోరిన్ ఊడిపోయి ఆ చోట్లో హైడ్రోజన్ కూర్చుంటే టీసీఈ. ఇంకొకటి ఊడితే డీసీఈ. ఇంకొకటి ఊడితే వినైల్ క్లోరైడు. ఆఖరిది కూడా ఊడితే ఎథిలీన్. విషమేమీ కాని మామూలు గ్యాసు.

ఇది మొదటిసారి మా నాన్నకి ఫోన్లో చెప్పినప్పుడు ఆయనకి మిగతాదేమీ ఎక్కలేదు గానీ చివరి మాట దగ్గర ఆగారు. "ఎథిలీనా? కాయలు మాగేసే గ్యాసేగా అది!" నాన్నది నూజివీడు, మామిడికాయల వ్యాపారం. చిన్నప్పుడు మా ఇంటి వెనక గదిలో వరిగడ్డి పరిచి రసాలు మాగేసేవాళ్లు. తలుపు తీస్తే ఆ వెచ్చటి తీపి వాసన. తర్వాత కార్బైడ్ పొట్లాలు వచ్చాయి, దాన్ని ప్రభుత్వం వద్దంది, ఇప్పుడు ఎథిలీన్ ఛాంబర్లు. కాయ తనంతట తాను పండేటప్పుడు వదిలేదీ ఇదే ఎథిలీన్. "అవును నాన్నా, అదే" అన్నాను. "అయితే మంచిదేలే" అని సర్టిఫికెట్ ఇచ్చేశారు.

కాకపోతే దారి మధ్యలో ఒక గొయ్యి ఉంది. ఎథిలీన్‌కి ఒక్క మెట్టు ముందున్న వినైల్ క్లోరైడు పెర్క్ కన్నా ప్రమాదకరం. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ఖాయంగా తెలిసిన పదార్థం. 1974లో కెంటకీలో పీవీసీ తయారుచేసే కార్మికుల్లో అరుదైన లివర్ క్యాన్సర్ బయటపడింది దీనివల్లే. (ఆ నీళ్లని మేం పరీక్షించే బావుల గొట్టాలు కూడా పీవీసీవే. అంటే వినైల్ క్లోరైడు గొలుసు కట్టి గట్టిపడిందే. గొలుసులో ఇరుక్కున్నంతకాలం బుద్ధిగా ఉంటుంది.) కాబట్టి ఈ పని సగంలో ఆగితే, మొదలుపెట్టకపోవడమే నయం. నేలలో ఉండే చాలా రకాల బాక్టీరియా పెర్క్‌ని డీసీఈ దాకా తీసుకొచ్చి చేతులు దులిపేసుకుంటాయి. డీసీఈ నుంచి ఎథిలీన్ దాకా లాక్కెళ్లేది దాదాపు డీహెచ్‌సీ, దాని దగ్గరి చుట్టాలే. అందులోనూ అన్నీ కాదు, వినైల్ క్లోరైడుని విరిచే జన్యువు ఉన్నవే.

ఇదంతా తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. గాలి లేని చోట సూక్ష్మజీవులు పెర్క్‌ని వినైల్ క్లోరైడు దాకా మారుస్తాయని 1985లో స్టాన్‌ఫర్డ్‌లో వోగెల్, మెకార్టీ చూపించారు. శుభవార్త చెప్పారనాలో, చావు కబురు చెప్పారనాలో తెలియని పేపరు అది. 1989లో కార్నెల్‌లో ఫ్రీడ్‌మన్, గాసెట్ ఎథిలీన్ దాకా వెళ్తుందని చూపించారు. వాళ్లు వాడిన బాక్టీరియా ఎక్కడివనుకున్నారు? ఇథాకా ఊరి మురుగునీటి ప్లాంటులో డైజెస్టర్ బురదలోవి. అలా పెంచిన ఆ సూక్ష్మజీవుల గుంపు, అంటే కల్చర్ లోంచే మేమో-గాటెల్ అనే విద్యార్థి, గాసెట్, జిండర్లతో కలిసి, ఈ పని మొత్తం చేసే ఒక్క జీవిని విడదీసి 1997లో ప్రకటించారు. తర్వాత మెకార్టీ గౌరవార్థం దానికి మెకార్టియై అని జాతి పేరు పెట్టారు.

డైజెస్టర్ అంటే మరేదో కాదు, మన గోబర్ గ్యాస్ ప్లాంటే. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దొడ్డి వెనక ఇనుప డోము ఉండేది. పేడ కలిపి పోస్తే గ్యాసు చేరి డోము పైకి లేచేది. డోము లేస్తే కాఫీ, లేవకపోతే పొయ్యి. లోపల గాలి చొరబడితే అంతే సంగతులని తాతయ్య ఎవర్నీ దగ్గరకి రానిచ్చేవారు కాదు. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో నేను చేస్తున్న ఉద్యోగం సారాంశం కూడా అదే: గాలి చొరబడనివ్వకుండా, మేత వేస్తూ, లేచిందా లేదా అని చూడటం.

మేత ఏమిటంటే, సోయాబీన్ నూనె. నిజంగానే. నూనెని సన్నటి బిందువులుగా చేసి నీళ్లలో కలిపితే పాలలా తెల్లగా ఉంటుంది. దాన్ని గొట్టాల ద్వారా ఒత్తిడితో భూమిలోకి పంపిస్తాం. డీహెచ్‌సీ నూనె ముట్టుకోదు. అది హైడ్రోజన్ మాత్రమే తీసుకుంటుంది, కాస్త అసిటేటు కూడా కావాలి. నూనెని పులియబెట్టి హైడ్రోజన్, అసిటేటు చేసిపెట్టేది వేరే బాక్టీరియా. పైగా బీ12 విటమిన్ లేకపోతే డీహెచ్‌సీ పనిచేయలేదు, సొంతంగా తయారుచేసుకోనూ లేదు. అదీ ఇరుగుపొరుగే ఇవ్వాలి. ఇంటిల్లిపాదీ చేసిపెడితే తప్ప కదలని కొత్త అల్లుడన్నమాట. మధ్యలో మీథేన్ చేసే సూక్ష్మజీవులు అదే హైడ్రోజన్‌కి పోటీ పడతాయి. సందడి ఎక్కువైతే నూనెంతా మీథేనుగా పోతుంది. అచ్చం గోబర్ గ్యాసే, కాకపోతే కాఫీ రాదు.

2021 ఏప్రిల్‌లో మా సైటులో నూనె పంపాం. మా టీములో పటాన్‌చెరు వైపు కుర్రాడొకడు ఉన్నాడు, ఎమ్మెస్ అయి అప్పుడే చేరాడు. నేను ట్రక్కు దగ్గర ప్రెషర్ గేజి చూస్తున్నాను. అది ఉన్నట్టుండి పడిపోయింది. పార్కింగ్ చివర్నుంచి వీడి కేక: "అక్కా! పాలు పొంగినయ్!"

పరుగెత్తి చూస్తే నిజమే. ఎవరో ఎప్పుడో తవ్వి సరిగ్గా పూడ్చని పాత రంధ్రం లోంచి తెల్లటి నూనె నీళ్లు బుసబుసమంటూ పొంగి, పిజ్జా షాపు ముందునుంచి వాలులో పారుతున్నాయి. పంపు ఆపి, ఇసుక మూటలు అడ్డం పెట్టి, వర్షపు డ్రెయిన్‌కి చేరేలోపు వ్యాక్యూమ్ ట్రక్కుతో లాగించాం. పిజ్జా షాపాయన బయటికొచ్చి పాల ట్యాంకరేమైనా పగిలిందా అని అడిగాడు. ఆ సాయంత్రం వాడి మొహం చూడలేకపోయాను, పాపం మొదటి నెలే ఇలా అయిందని. "ఏం కాదులే, బాక్టీరియాకి గృహప్రవేశం. పాలు పొంగితేనే శుభం" అన్నాను. వాడు నవ్వాడు గానీ ఆ మాట ఆఫీసంతా పాకింది. అమెరికన్ డ్రిల్లరుకి పాలు పొంగించడమేమిటో వివరించడానికి నాకు అరగంట పట్టింది. ఆయన ఇప్పటికీ ఏ సైటులో పని మొదలుపెట్టినా "మిల్క్ ఎక్కడ?" అని అడుగుతాడు.

అక్టోబరుకి బావుల్లో నీళ్లు మారాయి. కరిగిన ఆక్సిజన్ సున్నాకి దగ్గరగా పడింది. నీళ్లు నల్లబడ్డాయి, కుళ్లిన గుడ్డు వాసన. మామూలు మనిషి ముక్కు మూసుకుంటాడు, మాకు మాత్రం పండగ. అప్పుడు డీహెచ్‌సీ ఉన్న కల్చర్ తెప్పించాం. బీరు కెగ్ లాంటి స్టీలు పీపాలో రాత్రికి రాత్రి కొరియర్లో వస్తుంది. గాలి తగిలితే డీహెచ్‌సీ చచ్చిపోతుంది కాబట్టి ఆర్గాన్ గ్యాసుతో నెడుతూ భూమిలోకి పంపాలి. ఆవకాయ జాడీలో పైన నూనె తేలుతూ ఉండాలంటుంది మా అమ్మ, ముక్కకి గాలి తగలకూడదని. ఇక్కడ నూనె పని ఆర్గాన్ చేస్తుంది. కలిపే నీళ్లని కూడా ముందే ట్యాంకులో పట్టి, లాక్టేటు వేసి, ఆక్సిజన్ పోయేదాకా రోజులు ఉంచుతాం. పైపులో గాలి బుడగ కనిపిస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. ఎదుగుదల కూడా నెమ్మదే. పొట్టలో ఉండే ఈకోలై ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అదీ అన్నీ అమరితేనే.

ఇలా బయటినుంచి తెచ్చి పోస్తే పనిచేస్తుందని ముందుగా నమ్మకం కలిగించిన వాటిలో ఒకటి మాకు రెండు గంటల డ్రైవు దూరంలోనే జరిగింది, డెలావేర్‌లో డోవర్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో, 1990లలో. విమానాల పనిలో వాడిన టీసీఈ నేలలోకి దిగింది. 269 రోజులు మేత వేశారు, డీసీఈ దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఫ్లోరిడాలో పినెల్లాస్ అనే సైటు నుంచి కల్చర్ తెచ్చి పోశారు. మూడు నెలలు ఏ చప్పుడూ లేదు. తర్వాత వినైల్ క్లోరైడు, ఎథిలీన్ కనిపించడం మొదలైంది. 509వ రోజుకి అంతా ఎథిలీనే. ఆ బేస్ పక్కనుంచి వెళ్లేటప్పుడల్లా కొండంత సీ-5 సైనిక విమానాలు కనిపిస్తాయి, మా వాడు వాటిని చూస్తాడు. నేను గడ్డి కేసి చూస్తాను.

డోవర్ కథ అంత బాగా తెలిసీ నేను ఓపిక పట్టలేకపోయాను.

2022 ఏప్రిల్‌లో నాలుగో బావిలో పెర్క్ లీటరుకి 3,800 మైక్రోగ్రాముల నుంచి దాదాపు సున్నాకి వచ్చింది. డీసీఈ 2,150కి ఎగబాకింది. మాల్ ఓనరు ఫోను చేసి, ఒక విషం తగ్గి ఇంకో విషం పెరిగింది, దీనికా మేం డబ్బులిచ్చింది, అన్నాడు. ఆయనకి బరువుల లెక్క చెప్పాను. పెర్క్ అణుభారం 166, డీసీఈది 97. ఉన్న పెర్క్ అంతా డీసీఈ అయితే 3,800కి 2,220 రావాలి, 2,150 వచ్చింది, అంటే ఏదీ ఎక్కడికీ పోలేదు, రూపం మారింది. 166 గ్రాముల పెర్క్ పూర్తిగా విరిగితే మిగిలేది 28 గ్రాముల ఎథిలీన్. అందుకే మైక్రోగ్రాములు కూడి పోల్చకూడదు, మోల్స్‌లోకి, అంటే అణువుల లెక్కలోకి మార్చాలి. ఆయన విన్నాడు. "సరే, మరి తర్వాతి మెట్టు ఎప్పుడు?" అన్నాడు. త్వరలో, అన్నాను.

జూన్‌లో 2,180. ఆగస్టులో 2,090. మిగతా మూడు బావులూ ముందుకు కదిలాయి, ఇదొక్కటే మొండికేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రిళ్లు ఆ గ్రాఫు కళ్ల ముందు అడ్డగీతలా కనిపించేది. ఏం లోపించి ఉంటుంది? మేత చాలక ఆగిందేమో అనుకున్నాను. సెప్టెంబరులో ఆ బావి చుట్టూ ఇంకో విడత నూనె పంపించాను. పిల్లాడు తినట్లేదంటే కంచంలో ఇంకో ముద్ద పెట్టే తల్లుల్ని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో.

దాంతో జరిగింది ఏమిటంటే, మీథేన్ దండిగా వచ్చింది. డీసీఈ కదల్లేదు. ఇంకో ఏడాది గడిచింది.

2023 సెప్టెంబరులో ఒకరోజు మా కుర్రాడు శాంపిల్ తీస్తున్నాడు. ఈ పని చూడటానికి భలే విసుగ్గా ఉంటుంది. సన్నటి పంపుతో నీళ్లని మెల్లగా లాగుతూ, మీటరు గుండా పోనిస్తూ, ఐదు నిమిషాలకోసారి అంకెలు రాసుకోవాలి. వరసగా మూడుసార్లు ఒకేలా వస్తేనే సీసా పట్టాలి. సీసా 40 మిల్లీలీటర్లది, అంచు దాకా పొంగేలా నింపి మూత పెట్టి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. గాలి బుడగ కనిపిస్తే పారబోసి ఇంకో సీసా. ఎందుకంటే సాల్వెంటు ఆ బుడగలోకి జారుకుంటుంది. వాడు తట్టి చూస్తూ, రాసిన కాగితం నా వైపు తిప్పి, "అక్కా, పీహెచ్ గింత తక్కువుంది, ఏం కాదా?" అన్నాడు.

5.4.

ఆఫీసుకి వచ్చి పాత ఫారాలన్నీ తీశాను. 2021లో 6.1. తర్వాత 5.9. 5.8. రెండో విడత నూనె తర్వాత 5.5. ప్రతిసారీ కొలిచాం, ప్రతిసారీ రాశాం, చాలా ఫారాల కింద నా సంతకమే ఉంది. అందరి కళ్లూ క్లోరిన్ల గడుల మీదే. ఈ గడి శాంపిల్ పట్టొచ్చా లేదా చూసుకోవడానికే అన్నట్టు వదిలేశాం. పీహెచ్ అంటే నీళ్ల పులుపుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. డీహెచ్‌సీకి పీహెచ్ 7 చుట్టుపక్కల ఉంటే హాయి. 6 కంటే దిగితే పని దాదాపు ఆపేస్తుంది. దక్షిణ న్యూజెర్సీ ఇసుక నేలల్లో నీళ్లు అసలే పుల్లన, 5 దగ్గర ఉండటం మామూలు. ఇది నాకు తెలియనిది కాదు, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పేదాన్నే. పైగా నూనె పులిస్తే ఆమ్లాలు పుడతాయి, క్లోరిన్ ఊడిన ప్రతిసారీ కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. మిగతా బావుల చోట నేలకి కొంచెం తట్టుకునే గుణం ఉంది. నాలుగో బావి చోట శుద్ధ ఇసుక. నేను రెండో ముద్ద పెట్టి ఉన్న పులుపుని ఇంకా పెంచాను. వేసవిలో పిండి పులిసిపోయిందని తెలిసీ ఇంకో పూట బయటే ఉంచినట్టు.

మందు ఏమిటో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. సోడియం బైకార్బొనేటు. వంటసోడా. 50 పౌండ్ల సంచులు, ట్రక్కు నిండా. నవంబరు చలిలో ట్యాంకులో సోడా కలుపుతుంటే చేతులు పగిలిపోయాయి. డ్రిల్లరు "ఈసారి కేకా?" అన్నాడు. "బజ్జీలు" అన్నాను. బజ్జీలంటే ఏమిటో ఆయనకి తెలుసు, మా ఇంటికొచ్చి తిన్నాడు. రెండో విడత సోడా కూడా వేశాక 2024 వసంతానికి పీహెచ్ 6.8కి వచ్చింది. మే నెలలో మళ్లీ కల్చర్ పోశాం. ఈసారి వినైల్ క్లోరైడు విరిచే జన్యువుని కూడా ల్యాబులో లెక్కపెట్టించాను. లీటరుకి కోటి దాకా ఉంటే పని సాగుతుందని మా రంగంలో ఒక అంచనా. ఆగస్టుకి ఆ కోటి దాటింది.

నవంబరులో వినైల్ క్లోరైడు 640. ఓనరు మళ్లీ ఫోను. ఈసారి నాకు భయం వేయలేదనను గానీ, అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. ఇది పెరిగి తగ్గాలి, పెరగకపోతేనే చిక్కు, అన్నాను. మాల్‌లో గాలిని పరీక్షించాం, ఆవిరి లోపలికి రాకుండా నేల కింది గాలిని బయటికి లాగే ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతున్నాయో చూసుకున్నాం. ఆ చుట్టుపక్కల ఎవరూ బోరు నీళ్లు తాగరు, టౌను నీళ్లే. అయినా మా రిపోర్టులో వినైల్ క్లోరైడు అనే మాట చదివిన మనిషికి నిద్ర పట్టదు, పట్టకూడదు కూడా.

మొన్నటి రిపోర్టు: పెర్క్ లేదు. డీసీఈ 41. వినైల్ క్లోరైడు 12. ఎథిలీన్ 96. మోల్స్ లెక్క కలవదు. ఎథిలీన్ గ్యాసు కదా, కొంత నీటితో పాటు పారిపోతుంది, కొంత వేరే సూక్ష్మజీవులకి తిండి అవుతుంది. మేం మొదలుపెట్టేనాటికి వినైల్ క్లోరైడుకి ఇక్కడి హద్దు కూడా 1. ఇంకా 12లో ఉన్నాం. నీళ్లలో కరిగిన ఇనుము, మాంగనీసు పెరిగాయి, అవి సద్దుమణగాలి. బంకమట్టి పొరలో ఇంకిన పెర్క్ ఇంకా కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. కాబట్టి పని అయిపోయిందని నేననను.

మా కుర్రాడు రిపోర్టు చూసి, "అక్కా, ఇది మా పటాన్‌చెరుల చేస్తే?" అన్నాడు. వాడి అడగడంలో ఫ్యాక్టరీల మురుగు పారే నక్కవాగు ఉంది, రంగు నీళ్లు వచ్చే మేనత్త ఇంటి బోరు ఉంది. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. డీహెచ్‌సీ చేయగలిగేది క్లోరిన్ ఉన్న సాల్వెంట్ల పని. అక్కడ నీళ్లలో సాల్వెంట్లతో పాటు ఉప్పులు, మందుల ఫ్యాక్టరీల అవశేషాలు, లోహాలు అన్నీ కలగలిసి ఉన్నాయి. పైగా ఇది ఇసుక, నూనె ఎటు పంపితే అటు పరుచుకుంటుంది. అక్కడ గ్రానైటు. నీళ్లుండేది పగుళ్లలో. ఏ పగులు ఎటు పోతుందో తెలియకుండా పంపిన మేత పక్క ఊరి బోరులో తేలొచ్చు. ముందు పైనుంచి పోసేది ఆగాలి. తర్వాత ఎక్కడ ఏముందో బావి బావికీ కొలవాలి. ఇవే చెప్పాను. "కొలుద్దాం అక్కా, వచ్చే సంక్రాంతికి పోతున్న గదా" అన్నాడు. మీటరు అరువిస్తానన్నాను, వాడు నిజంగానే తీసుకెళ్లేలా ఉన్నాడు.

రాత్రి నాన్నకి ఫోను చేశాను. అక్కడ తెల్లారింది, మార్కెట్‌కి బయల్దేరుతున్నారు. "నాన్నా, నాలుగో బావిలో ఎథిలీన్ వచ్చింది" అన్నాను.

"ఆ పుల్లబడ్డదేనా? ఏం వేశారేంటి?"

"వంటసోడా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి తిరిగి అమ్మతో అంటున్నారు, నాకు వినపడుతూనే ఉంది: "ఏవే, మన అమ్మాయి పులిసిన నీళ్లలో సోడా వేసిందంట. కనిపెట్టడానికి ఏడాదిన్నర పట్టిందంట." అమ్మ ఫోను లాక్కుని, "నన్నడగొచ్చుగా" అంది. పావుగంట సేపు ఈ ఏడు చిన్న రసాలు కాపు ఎలా ఉందో చెప్పి పెట్టేసింది.

తర్వాతి శాంపిల్ ఆగస్టు 12న. ఈసారి ఫారంలో పీహెచ్ గడికి నేనే ఎర్ర పెన్నుతో డబ్బా గీశాను.